పేలని రివాల్వర్

“ఆ అద్దం మీద చెయ్యి వెయ్యకండి పెద్దాయనా. అందులోవి అమ్మకానికి కాదు.”

ముసలాయన అద్దాల బీరువా మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బర్మింగ్‌హామ్‌లో పాత తుపాకులకు వెల కట్టడంలో ఆ దుకాణం యజమాని హొరేస్ టిబిట్స్‌ను మించినవాడు లేడు. ఆ మాట ఊరు అనకముందే ఆయనే అనేవాడు.

బీరువాలో ఒక పతకం, దాని పక్కన పచ్చ నూలు కలిపి చేత్తో పేనిన పాత తాడు ఉన్నాయి.

“ఆ తాడేమిటి బాబూ?”

“మా నాన్న ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో తొడకు గుండు తగిలి నెత్తురు కారిపోతుంటే ఎవరో దాంతో బిగించి కట్టారట. ఎవరో ఆయనకూ తెలీదు, స్పృహ ఉంటేగా? మా ఊరి దళంలో పోరాడినవాళ్ళ వస్తువులే ఈ బీరువాలో పెడతాను. ఏటా నవంబరులో, యుద్ధం ముగిసిన రోజున, మిగిలినవాళ్ళంతా దీని ముందే పోయినవాళ్ళ పేరున గ్లాసులెత్తుతారు.”

ముసలాయన సంచిలోంచి గుడ్డమూట తీశాడు.

“ఇదీ అందులో పెడతారా? నేనూ ఆ దళంతోనే వెళ్ళాను. నా తర్వాత దీన్ని చూసేవాళ్ళు లేరు.”

హొరేస్ మూట విప్పాడు. కళ్ళు మెరిశాయి.

“వెబ్లీ రివాల్వర్, ఆరో రకం. మన ఊళ్ళో తయారైన బిడ్డే. ఇదిగో సర్కారువారి బాణం గుర్తు. 1916 నాటి ముద్ర.”

గొట్టం కిందికి వంచి, దీపం ముందు పెట్టి లోపలికి చూశాడు. ముఖం చిట్లించాడు.

“పైనంతా బురద తిన్న మచ్చలు. లోపలేమో అద్దంలా ఉంది. దీన్ని ఒక్కసారైనా పేల్చారా?”

“లేదు. చేతులకు ఖాళీ దొరకలేదు.”

“ఏం, ఉల్లిపాయలు తరుగుతున్నారా?”

“నోరు జారకు హొరేస్,” అంది టీ తెచ్చిన భార్య ఈనిడ్.

“ఉన్న మాటేగా. పిడి కింద మెడతాడు కట్టుకునే కడియంలో ఏదో మురికి ముడి కూడా ఇరుక్కుంది. ముప్పై పౌండ్లిస్తాను. బీరువాలో మాత్రం పెట్టను. అది పోరాడినవాళ్ళ చోటు.”

ముసలాయనకు కోపం రాలేదు. ఇంకా తాడునే చూస్తున్నాడు.

“మీ నాన్న మళ్ళీ నడిచాడా?”

“నడవడమా? నా పెళ్ళిలో ఈవిడ కాళ్ళు తొక్కుతూ డాన్సు కూడా చేశాడు.”

“వారం రోజులు కుంటుతూ తిరిగాను,” అంది ఈనిడ్.

ముసలాయన హాయిగా నవ్వాడు. “అది చాలు. తుపాకి ఉంచుకోండి బాబూ. డబ్బొద్దు.”

టోపీ పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

ముడి కోసేద్దామని ఈనిడ్ కత్తెర పెట్టింది. కొయ్యలేదు.

“హొరేస్, బీరువా తాళం తియ్యి.”

ముడిలో పచ్చ నూలుంది. తెగిన కొస పక్కన బీరువాలోని తాడు కొస పెడితే పేటకు పేట కలిసింది.

హొరేస్ టోపీ కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. ముసలాయన ఎక్కిన బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

నవంబరులో వచ్చిన ముసలి సిపాయిలు బీరువాలో రివాల్వర్ని, దానికున్న పచ్చ ముడిని చూడగానే అది ఎవరిదో గుర్తుపట్టారు. ఆ రోజు హొరేస్ అందరికంటే ఎత్తుగా గ్లాసెత్తి గర్వంగా చెప్పాడు: “యుద్ధమంతా మన ముందు వరసలోనే తిరిగి ఒక్క గుండూ పేల్చని తుపాకి ఇది, దీని తాడు కోసి మా నాన్న తొడకు కట్టిన మన దళం డాక్టరుది.”