పాచి సారు

"సారూ, పాచిని సీసాలల్ల పెట్టి పూజ చేస్తున్నవా?"

చీపురు పట్టుకునే నవ్వింది మొగిలమ్మ. వరంగల్‌లో ఆ కాలేజీ ఊడ్చేది, కడిగేది ఆమే. నౌకరి ఇంకా పక్కా కాలేదు.

కొత్తగా వచ్చిన వెంకట్రాజం సారుదీ అదే కథ.

"పూజ కాదు పెద్దమ్మా. దీనికి గడియారం ఉన్నది."

"పాచికా!"

"ఐదు దినాల సంది పెట్టెల బల్బు ఆర్పలే. బయటి పొద్దు దీనికి కానరాదు. అయినా పొద్దుగాల బుడగలు లేస్తయ్, మాపటికి తగ్గుతయ్. లోపల ప్రొటీన్లు ఒకదానెనక ఒకటి పని అందుకుంటున్నయని నా అనుమానం."

"ముగ్గురం ఒక్క రోట్ల పసుపు దంచినట్టు! ఒక రోకలి లేస్తె ఇంకోటి పడతది. గడియారం చూస్తమా ఏంది?"

వెంకట్రాజం ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు.

"ఎల్లుండి శనివారం పెద్దసార్లు వస్తరు. చూపెడితేనే నా నౌకరి నిలుస్తది."

మర్నాడు కొత్త పాచి కోసం ధర్మసాగర్ చెరువుకు పోయాడు.

మొగిలమ్మకు మనసాగలేదు. కొత్త తొక్కు పాత జాడీలో ఎవరన్నా పెడతారా? పైగా బతుకమ్మ పండుగ ముందు. పాతది పారబోసి, బూడిద, చింతపండు వేసి సీసాలన్నీ తోమి ఎండలో బోర్లించింది.

వెంకట్రాజం వచ్చి, బోర్లించిన సీసా ఒకటి ఎత్తి చూశాడు.

"అద్దాల లెక్క చేసినవ్ పెద్దమ్మా," అన్నాడు. అంతే.

శనివారం పెద్దసార్ల గదిలోకి పోయాడు. వచ్చి, సంచి భుజాన వేసుకుని గేటు దాటాడు.

"గంత మంచిగ తోమిపెడితే, పోతున్నన్న మాట సుత చెప్పలే," అని మొగిలమ్మ తొమ్మిదేళ్లు అందరికీ చెప్పుకుంది. ఆ ఏడే ఆమె నౌకరి పక్కా అయింది. ఇద్దరు బిడ్డలూ ఆ జీతం మీదే చదువుకున్నారు.

ఎనభై ఎనిమిదిలో పాత బీరువా సర్దుతుంటే నోటుబుక్కు దొరికింది. కొత్తగా వచ్చిన సుల్తానా మేడం పేజీలు తిప్పి కేకేసింది.

"మొగిలమ్మా, ఎవరీ వెంకట్రాజం? ఈ నీలాకుపచ్చ పాచికి సుత గడియారం ఉన్నదని మొన్నమొన్న వేరే దేశపోళ్లు తేల్చిన్రు. ఈయన అప్పుడే పట్టిండు!"

"మా పాచి సారే. నా రోకలి ముచ్చట ఉన్నదా అండ్ల?"

"ఉన్నది, నీ పేరుతోనే. ఇంకో కాగితం సుత ఉన్నది, పెద్దసార్లకు రాసిన దానికి నకలు."

మేడం మెల్లగా చదివింది.

"అయ్యా, ప్రయోగాన్ని పాడుచేసింది మీరనుకున్నట్టు మొగిలమ్మ కాదు; సీసాలు నేనే కడిగాను, ఆమె నౌకరి తీయకండి."