గంట పడుతుంది

"గంట పడుతుందమ్మా, కూర్చోండి" అన్నాను ల్యాబ్ కిటికీలోంచి.

పేషెంటు భార్య ఆయన చొక్కా చేతిమీద వేసుకుని బెంచీ వైపు నడిచింది. వెనక్కి తిరిగితే డాక్టరుగారు నన్నే చూస్తున్నారు.

"గంటేమిటి? మైక్రోస్కోపుకి పెట్టిన కొత్త కెమెరా రెప్పపాటులో తీసేస్తుందిగా."

"తీసేసింది సార్. చూడండి."

తెరమీద పేషెంటు గుండెలోంచి తీసిన చిన్న ముక్క. ఫిల్టరు దాటొచ్చిన పోలరైజ్డ్ కాంతిలో, ఉండకూడని ఆకుపచ్చరంగు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెరుస్తోంది.

డాక్టరుగారు కళ్లజోడు తీసేశారు. "ఇంత ముదిరాక ఏం చేస్తాం?"

"పాత మైక్రోస్కోపుకి ఫిల్టరు చేత్తో తిప్పుకుంటూ కూర్చుంటే గంట పట్టేది సార్. ఆలోపు వాళ్లు కాస్త కుదుటపడేవారు. మనమూ మాటలు కూడగట్టుకునేవాళ్లం."

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "సరే, గంట తర్వాతే పిలువు."

ఐదు నిమిషాలైనా కాలేదు, ఎవరో కిటికీ తట్టారు. ఆవిడే.

"ఇంకా టైముందమ్మా" అన్నాను, తెరకి అడ్డంగా జరిగి.

"నా ముందున్నావిడకి బెంచీ మీద కూర్చునేలోపే ఏం లేదని చెప్పి పంపేశావు తల్లీ. ఆవిడకి ముందు ఆ పెద్దాయనకీ అంతే. నాకేమో గంటన్నావు."

వెనక డాక్టరుగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

ఆవిడ చొక్కాని కిటికీ గట్టుమీద పెట్టి, దాని చేతులు లోపలికి మడిచి, నెమ్మదిగా సాపు చేసింది.

"ఆ గంట ఇక్కడ కూర్చోమంటావా, వెళ్లి ఆయన పక్కన కూర్చోమంటావా? అదొక్కటి చెప్పు."