‘ట్టే’ నిషేధం

“అయిందా, కాలేదా?” కోచ్ మూడోసారి అడిగింది.

“అయిపోయినట్టేనండీ,” అన్నాడు మేనేజరు, మూడోసారి కూడా అదే చిరునవ్వుతో.

గోడకి తెల్లబోర్డు ఉంది. దాని మీద మూడు గళ్లు: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయినవి. బస్సు టిక్కెట్ల యాప్‌లో సీటు మార్చుకునే పేజీ తాలూకు పసుపు చీటీ మూడో గడిలో దర్జాగా అంటుకుని ఉంది. బోర్డు ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. పొద్దున్నే పావుగంట, అదీ నిలబడే మాట్లాడుకోవాలని కోచ్ పెట్టిన నియమం. కూర్చుంటే పావుగంట కాస్తా పూటవుతుందని ఆమె అనుభవం. పనిని చిన్నచిన్న ముక్కలు చేసి, అయిన ముక్కనే అయిందని చూపించే ఎజైల్ పద్ధతి నేర్పడానికే ఆమెని ఈ ఆఫీసుకి పిలిచారు.

“సరే, నేను ప్రయాణికురాలిని. నాకు కిటికీ సీటు కావాలి. మార్చి చూపించండి.”

మేనేజరు టెస్టరమ్మాయి వైపు చూశాడు. టెస్టరమ్మాయి నేల వైపు చూసింది.

“నొక్కితే మారుతుందండీ. కాకపోతే... పాత సీటు కూడా మన పేరు మీదే ఉండిపోతోంది.”

“అంటే ఒక మనిషికి రెండు సీట్లు!”

“హాయిగా కాళ్లు చాపుకోవచ్చు,” అన్నారెవరో వెనక నుంచి. అందరూ గొల్లుమన్నారు.

కోచ్‌కి నవ్వు రాలేదు. శుక్రవారంతో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. ‘టీము మారిందని నా కళ్లతో చూస్తే ఇంకో ఏడాది పొడిగిస్తాను’ అన్నాడు డైరెక్టరు. ఆయన వచ్చేదీ శుక్రవారమే. వచ్చి చూసేది ఈ రెండు సీట్ల పేజీనా?

ఆమె పసుపు చీటీ పీకి మొదటి గడిలో అంటించింది. మార్కర్ తీసుకుని బోర్డు నెత్తిన పెద్ద అక్షరాలతో రాసింది: ‘ఇక్కడ ట్టే నిషేధం.’

“అయినట్టే, వచ్చినట్టే, పంపినట్టే... ఇవేవీ ఈ గదిలో చెల్లవు. అయింది, లేదంటే కాలేదు. ‘ట్టే’ అన్నవాళ్ల చీటీ మళ్లీ మొదటికే.”

మేనేజరు మొహంలో చిరునవ్వు పోయింది. “కాలేదని పైవాళ్ల ముందు ఎలా అంటామండీ? పద్దెనిమిదేళ్లుగా ఆ ఒక్క ‘ట్టే’ మీదే నెట్టుకొస్తున్నాను.”

“బస్సు ఎక్కినట్టే అనుకున్నవాడు బస్టాండులోనే మిగిలిపోతాడండీ,” అంది కోచ్.

మంగళవారం ఒక్కరోజే అయిదు చీటీలు వెనక్కి నడిచాయి. అందులో మూడు మేనేజరువే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా? కానీ బుధవారం టెస్టరమ్మాయి తలెత్తి, “కాలేదు. నావల్ల కావట్లేదు, ఎవరైనా సాయం చెయ్యాలి,” అనేసింది. మిన్ను విరిగి మీద పడలేదు సరికదా, ఇద్దరు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. కోచ్‌కి కొంచెం ప్రాణం లేచొచ్చింది.

గురువారం మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. “చిన్నదాని స్కూలువాళ్లు మళ్లీ అడిగారు. సీటు ఉంచాలా, తీసెయ్యాలా? సోమవారంలోగా తేల్చమన్నారు. మనం ఈ ఊళ్లో ఉంటున్నామా, వెళ్తున్నామా?”

“రేపటికి చెప్తాను. కచ్చితంగా.”

శుక్రవారం డైరెక్టరు వచ్చాడు. అందరితోపాటు తనూ బోర్డు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

“ఏమయ్యా, సీటు పేజీ అయిందా?”

మేనేజరు నోరు తెరిచాడు. “అయి...” అంటూ ఆగిపోయాడు. చూపు బోర్డు నెత్తి మీదికి వెళ్లింది. అయిపోయినట్టే అన్నాడా, కోచ్ పని గోవిందా. కాలేదన్నా ఈ పెద్దమనిషికి కోపం రాదన్న భరోసా ఏమీ లేదు.

“కాలేదు సార్,” అన్నాడు మేనేజరు. “కొత్త సీటు ఇస్తున్నాం, పాతది ఖాళీ కావట్లేదు. ఇంకో మూడు పనిదినాలు కావాలి. గురువారం మీ టిక్కెట్టే మార్చి చూపిస్తాం.”

డైరెక్టరు మేనేజరు భుజం తట్టాడు.

“ఈ ఆఫీసులో ‘కాలేదు’ అనే మాట వినడం ఇదే మొదటిసారి. ఎక్కడున్నామో ఇన్నాళ్లకి తెలిసింది. గురువారం వస్తాను.”

మేనేజరు కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. టెస్టరమ్మాయి చప్పట్లు కొట్టింది. కోచ్ కళ్లు చెమర్చాయి. ఇంత సంతోషం ఆమెకి ఈ మధ్యకాలంలో కలగలేదు.

ఆ సంతోషంలోనే గబగబా నడిచి లిఫ్టు దగ్గర డైరెక్టరుని అందుకుంది.

“సార్, నా కాంట్రాక్టు సంగతి...”

“అయ్యో, మీ కాంట్రాక్టా!” లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా ఆయన నిండుగా నవ్వి చెయ్యి ఊపాడు. “అది అయిపోయినట్టేనండీ!”

కోచ్ మూసిన తలుపుల ముందు అలాగే నిలబడిపోయింది. పొడిగించే పని అయిపోయినట్టా? కాంట్రాక్టే అయిపోయినట్టా? అడుగుదామంటే లిఫ్టు అప్పటికే కిందికి చేరింది. డైరెక్టరు మళ్లీ కనిపించేది గురువారమే.

చేతిలో ఫోన్ మోగింది.

“ఏమైంది? స్కూలువాళ్లకి ఏం చెప్పమంటావు? ఉంటున్నామా, వెళ్తున్నామా?”

గాజు తలుపు అవతల బోర్డు కనిపిస్తోంది. తను రాసిన పెద్ద అక్షరాలు కూడా. ఆమె అటు వీపు పెట్టి, గొంతు తగ్గించింది.

“ఉన్నట్టే.”