ముల్లు కదిలింది

తుపాకీ ప్రెషర్ మీటరు చూడగానే మెకానిక్‌కి ఒళ్ళు మండింది. రాత్రి తను వదిలిన చోట ముల్లు లేదు. ఎవరో ముట్టుకున్నారు. ఇది మూడోసారి.

పెయింట్‌బాల్ మైదానం షెడ్డులో తుపాకులన్నీ అతని చేతి కిందే ఉంటాయి. ఈ తుపాకీ బావమరిదిది. ఇవాళే ఫైనల్. గెలిస్తే కోచ్ ఉద్యోగం వాడికేనని యజమాని మాటిచ్చేశాడు. ఆ ఉద్యోగం మీద ఏళ్ళ తరబడి మైదానంలో పనిచేసేవాళ్ళలో చాలామందికి కన్నుంది.

మొదటి మ్యాచ్‌లో రంగు నింపిన వాడి బంతులు వరసపెట్టి గొట్టంలోనే పగిలాయి. పగలనివి ఆ రంగులో జారి, ఎటు పడితే అటు పోయాయి. ఓటమి అంచుదాకా వెళ్ళొచ్చాడు. తర్వాతి రెండూ ఎలాగో గట్టెక్కాడు.

"అసలెందుకు పగులుతాయి బావా?"

"గ్యాస్ ప్రెషర్ ఎక్కువైతే అంతే. వెనకనుంచి తన్నే తన్నుకి పైపొర తట్టుకోలేదు. గొట్టం దాటేలోపే చితికిపోతుంది. అది సరే, నీ తుపాకీ జోలికి ఎవరైనా వచ్చారా?"

"మనవాళ్ళు తప్ప షెడ్డులోకి ఇంకెవరొస్తారు? నీకన్నీ అనుమానాలే!"

అతను వదల్లేదు. యజమానిని అడిగాడు. షెడ్డు ఊడ్చే ఆవిడని అడిగాడు. అవతలి జట్టు కెప్టెన్ ఇటువైపు వచ్చాడేమోనని ఆరా తీశాడు. అందరూ తల అడ్డంగా ఊపారు.

మ్యాచ్‌కి గంట ముందు స్క్రూ తిప్పి, ముల్లుని మళ్ళీ తను అనుకున్న చోటికి తెచ్చాడు. తుపాకీని బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే వస్తా" అని అందరికీ వినపడేలా చెప్పి బయటికి నడిచాడు. చుట్టూ తిరిగొచ్చి వెనక కిటికీ కింద నక్కాడు.

పది నిమిషాలకి తలుపు కిర్రుమంది.

వచ్చింది అతని భార్య. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళింది. సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసింది. తడుముకోవడం లేదు, అలవాటైన చెయ్యి. మీటరు మీదే చూపు నిలిపి మెల్లగా తిప్పింది.

అతను ఒక్క ఊపున లోపలికొచ్చాడు.

"నువ్వా! తోడబుట్టినవాడి తుపాకీయే దొరికిందా నీకు?"

ఆమె ఉలిక్కిపడలేదు. బయటున్న తమ్ముడికి వినపడకుండా తలుపు దగ్గరగా వేసింది.

"నేనేనండీ," అంది నెమ్మదిగా, "వాడి బంతులు గొట్టంలోనే పగలాలని మీరు పెంచుతున్న ప్రెషర్‌ని మళ్ళీ మళ్ళీ దించుతున్నది నేనే."