అరంగుళం ఎక్కువ

మా ఆవిడ బండి మీద కూర్చుంది. నేను కింద గొంతుక్కూర్చుని, మెడలోని టేపు తీసి ఆవిడ ఎడమ పాదం కొలుస్తున్నాను.

"జాకెట్టా, ప్యాంటా?" అంది వెటకారంగా.

"కదలకు," అన్నాను, మడమ ఆనిన చోట సుద్దతో గీత పెడుతూ.

నేను టైలర్ని. బండి ఆవిడది. పెళ్ళయిన నాటి నుంచి నాది వెనక సీటే, అందులో నాకేమీ నామోషీ లేదు. మాతోనే ఉండే మా అత్తగారికి ఉంది.

మామూలు బండి కాదది. ఒంటి మీద తొడుగన్నది లేకుండా ఇంజనూ, గొట్టాలూ, అన్నీ బయటికి కనబడే రకం. అదీ చాలదన్నట్టు, వరండాలో కూర్చుని వెనక మడ్‌గార్డు పీకేసింది, అద్దాలు హ్యాండిల్ చివరలకి మార్చింది, సైలెన్సరు పొట్టిది వేసింది. ఆవిడ చేతిలో పానా ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ పలకరించకూడదు.

అలాంటి మనిషి, పడితే బండి మీంచి పడలేదు. బట్టలారేస్తూ మేడమెట్ల మీద జారింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ పోలేదు.

విరిగిన ఎడమకాలి ఎముక అతుక్కుంది. పాదాన్ని పైకెత్తే నరం మాత్రం అలిగి కూర్చుంది. నడుస్తుంది, మెట్లెక్కుతుంది. కాలితో కిందికి నొక్కగలదు కూడా. పైకెత్తడమే కుదరదు.

ఆ బండికేమో మొదటి గేరు ఒక్కటే కిందికి నొక్కాలి. మిగతావన్నీ కాలివేళ్ళతో పైకి లేపాలి.

అంటే ఆవిడకి మిగిలింది ఒక్క గేరు.

"నెలాఖరుకి తమ్ముడొస్తాడు. బండి వాడికిచ్చేస్తున్నా," అంది ఓ రోజు అన్నం తింటూ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

మర్నాడు సైకిలు మీద నా కొట్టుకి వెళ్తుంటే, సిగ్నల్ దగ్గర నా పక్కనే ఓ పెద్దాయన పాత బండి ఆగింది. దాని గేరు లీవరు ముందుకీ వెనక్కీ రెండు వైపులా ఉంది. ముందువైపు వేళ్ళతో నొక్కాడు. వెనకవైపు మడమతో నొక్కాడు. పైకెత్తడమన్న మాటే లేదు!

పచ్చలైటు పడినా నేను కదల్లేదు. వెనకున్నవాళ్ళందరూ కలిసి నన్ను తిట్టారు.

ఇంటికొచ్చి చెబితే ఆవిడ మొహం మాడ్చుకుంది. "అది ముసలాళ్ళ బండికుంటుంది. నా బండికి పెడితే వీధంతా నవ్వుతుంది."

"నవ్వనీ. ఒంటికి సరిపోని బట్టని పారేస్తామా, ఆల్టర్ చేస్తామా?"

విసురుగా లేచి వెళ్ళిపోయింది. కానీ ఆదివారం పొద్దున్నే తనంతట తనే వచ్చి బండెక్కి కూర్చుంది. అదే నాకు పదివేలు.

కొలతలు కాగితం మీద రాసుకుని, విప్పిన లీవరు పట్టుకుని వెల్డింగ్ షాపుకి పరిగెత్తాను. షాపతను దానికి వెనకవైపు ఇనపపట్టీ అతికించి, చివర మడమ ఆనడానికి చిన్న పలక పెట్టాడు.

తెచ్చి బిగించాను. ఆవిడ కాలు పెట్టి చూసింది. మడమకి పలక అందలేదు. అరంగుళం వెనక్కి పోయింది.

మళ్ళీ టేపు పెట్టాను. పాదం కొలత సరిగ్గానే ఉంది. కాసేపటికి గానీ తట్టలేదు. ఏళ్ళ తరబడి అలవాటు కదా, కొలిచినదానికి కుట్ల కోసమని అరంగుళం కలిపి రాసిచ్చాను.

"ఇనుముకి కుట్లేంటి టైలరు గారూ!"

నవ్వింది. గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. మెట్ల మీద పడ్డాక ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. విప్పేద్దామని పానా తీశాను.

"ఆగాగు."

లోపలికెళ్ళి మంచం కింద నుంచి బండి బూట్లు తెచ్చుకుంది. నేను కొలిచింది వట్టి పాదాన్ని.

బూటు మడమ వెళ్ళి పలక మీద కొలిచినట్టు ఆనింది. స్టాండు మీద వెనకచక్రం గాల్లోకి లేపి నేను చేత్తో తిప్పుతుంటే, ఆవిడ మడమతో నొక్కింది.

టక్. రెండు.

టక్. మూడు.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"అవతలికి జరుగు. నట్టు బిగించేది ఇలాగేనా? ఆ చైను చూడు, ఎలా ఎండిపోయిందో! ఇంట్లో ఇంతమంది ఉండి ఏం లాభం?"

ఆ తిట్లు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం దాకా కిరసనాయిలుతో చైను తుడిచి, నూనె పెట్టి, వదులు సరిచేసింది. బ్యాటరీ చార్జింగు పెట్టి తెచ్చి తగిలించింది. అడిగిన పానా కాకుండా వేరేది అందించినందుకు నాకు మరో విడత పడ్డాయి.

సాయంత్రం హెల్మెట్ పెట్టుకుంది. నేను అలవాటుకొద్దీ వెనక ఎక్కబోయాను.

"ఇవాళొద్దు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చేస్తా."

"జాగ్రత్తే తల్లీ," అన్నారు అత్తగారు టీ గిన్నెతో గుమ్మంలో నిలబడి.

బండి కదిలింది. మా వీధి మరీ పొట్టిది, రెండో గేరు పడేసరికి అయిపోతుంది. నాకు చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుని విన్నాను.

ఇంజను ఒక్కసారి గింజుకుంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. రెండోది పడింది.

ఇక బ్రేకు వెయ్యాలి.

మూడోది పడింది. మలుపు అవతల, పెద్దరోడ్డు మీద. ఇంకాసేపటికి, ఎక్కడో సన్నగా, నాలుగోది.

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"వీధి చివరిదాకానే అందిగా బాబూ?" అన్నారు అత్తగారు కంగారుగా. "దాని టీ చల్లారిపోతోంది."

"మీరు తాగేయండత్తయ్యా," అన్నాను.