ఎలెన్ తిన్న చాక్లెట్

ఏప్రిల్‌లో కాలి వేలు తీసేసి ఆస్పత్రి నుంచి పంపించిన మూడో రోజే మాయక్కాళ్ కొంగు ముడిలో వేరుశనగల కడలై మిఠాయి దొరికింది.

దొరకబుచ్చుకున్నది కోడలు ఇసక్కిసెల్వి. ఆమెది కోవిల్‌పట్టి. ఆ మిఠాయి ఆమె పుట్టింటి నుంచి వచ్చిందే.

"చక్కెర తగ్గకపోతే ఈసారి పాదం తియ్యాలని డాక్టరు చెప్పలేదా అత్తా?"

"చెప్పినాడు. వాడి నోరా, నా నోరా?"

తమిళనాడు విరుదునగర్‌లో ఆ తెలుగువాళ్ల ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. కొడుకు ఆనందరాజ్ లారీ మీద వెళితే పదిహేను రోజులకు గాని రాడు. అత్తాకోడళ్ల మధ్య మాటలు తక్కువ. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కోడలు మధ్యాహ్నమంతా ఫోను తీగ తగిలించిన కంప్యూటర్ ముందే ఉంటుందని అత్తకు కోపం. అందులో చదివేది చాక్లెట్ల గురించి అని తెలిశాక ఆ కోపం ఇంకాస్త పెరిగింది. ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి. తిండి తినాలి గాని చదవడమేమిటని ఆమె ప్రశ్న.

ఆ రోజు ఇసక్కిసెల్వి మిఠాయి తీసి పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. తిరిగి వచ్చి కంప్యూటర్ పెట్టింది. అత్త మంచం పక్కకు కుర్చీ లాగింది.

"తినొద్దు. వినండి. బెల్జియంలో ఎలెన్ అని ఒకావిడ ఉంది. దినమూ ఒక చాక్లెట్ తిని, అది ఎట్లుందో రాస్తుంది. తెలుగులో చెప్తాను."

మాయక్కాళ్ కంప్యూటర్‌ను చూసింది. కోడలిని చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది.

"సరి. చెప్పు."

ఇసక్కిసెల్వి తెర మీద చూపు నిలిపి చెప్పింది. నాలుక మీద పెట్టగానే మొదట ఏమీ తెలియదట. తర్వాత అంచుల నుంచి, వేడి ఇడ్లీ మీద వెన్నలాగా జారుతుందట. కాస్త కసప్పు, చిరుచేదు. ఆ వెనకాలే ఎండిన నేల మీద మొదటి వాన పడినప్పటి వాసన.

"ఏ నేల?"

"నల్ల నేల అత్తా."

"ఆ దేశంలో కూడా మన కరిసల్ నేల ఉండాదా?"

"ఉన్నట్టుంది."

"ఉంటుంది, ఉంటుంది" అని మాయక్కాళ్ కళ్లు మూసుకుంది.

మర్నాడు మూడింటికి తనే అడిగింది. "ఏమే, ఆ యమ్మ ఈ దినం ఏమి తినె?"

అలా మొదలైంది. ఎలెన్ ఒకనాడు బాదంపప్పు చాక్లెట్ తినేది. ఒకనాడు ఉప్పు వేసినది. ఒకనాడు మిరపకాయ వేసినది తిని కళ్లనీళ్లు పెట్టుకుంది. చాక్లెట్ ఉడికే పెద్ద బాణలి అడుగంటితే ఏ వాసన వస్తుందో రెండు రోజులు రాసింది. మాయక్కాళ్ ఊఁ కొడుతూ వినేది. ఒక్కోసారి నోట్లో నిజంగానే ఏదో ఉన్నట్టు గుటక వేసేది.

ఆదివారాలు టీవీలో కూడా చాక్లెట్ కార్యక్రమం వచ్చేది. తెల్ల టోపీ మనిషి ఒకడు పాలరాతి బల్ల మీద చాక్లెట్ పోసి గరిటెతో పరిచేవాడు. మాయక్కాళ్ కాసేపు చూసి కట్టేయమనేది.

"వాడు పోస్తా ఉండాడు. ఎట్లుండాదో చెప్పలేదు. ఎలెనే మేలు."

కొంగు ముడిలో మళ్లీ ఏమీ దొరకలేదు. జూలైలో రక్తం చూసిన డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఏ మందు వాడుతున్నారని అడిగాడు.

"చాక్లెట్" అంది మాయక్కాళ్. డాక్టరు నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆమె ఎలెన్‌కు ఉత్తరం రాయాలంది. తను చెబుతుంది, కోడలు ఇంగ్లీషులో కొట్టాలి.

"రాయి. నా కోడలు వచ్చిన కొత్తలో ఆమెను చూస్తే నాకి గిట్టేది లేదు. ఆమెకి ఒక చెడ్డ పని చేస్తిని. ఇంకా ఆమెకి చెప్పలేదు. చెప్పను నోరు రాలేదు. అది తెలియక ఆ పిల్ల దినమూ నా పక్కన కూర్చోని నాకి కత చెప్తా ఉండాది. మాయమ్మ కూడా నాకి అట్ల చెప్పలేదు."

కీబోర్డు మీద ఇసక్కిసెల్వి వేళ్లు ఆగిపోయాయి.

"అయిందా?"

"అయింది అత్తా."

"పంపించు."

ఇసక్కిసెల్వి ఒక మీట నొక్కింది.

మర్నాడు మూడింటికి జవాబు వినిపించింది. ఆ కోడలికి కోపం ఉండదని ఎలెన్ అందట.

"ఏమి పని అని అడగలేదా?"

"అడగలేదు అత్తా."

"మంచి మనిషి" అని మాయక్కాళ్ అటు తిరిగి పడుకుంది. చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది.

నవంబరు మొదటి వారంలో టెలిఫోను ఆఫీసు నుంచి లైన్‌మన్ పేచ్చిముత్తు వచ్చాడు. మాయక్కాళ్ లోపల నిద్రపోతోంది. అతను వాకిట్లో నిలబడి, ఫోను పెట్టె వెనక్కి తీసుకెళ్లాలని తమిళంలో గట్టిగా చెప్పాడు.

ఇసక్కిసెల్వి లోపలికి ఒకసారి చూసి, గబగబా వీధిలోకి దిగింది.

"మెల్లగా అన్నా. మార్చి నుంచి ఈ ఫోనుకు ప్రాణం లేదని, కంప్యూటర్‌లో ఏమీ రావడం లేదని మా అత్తకు తెలియదు. తెలిస్తే నేను ఇన్నాళ్లూ చెప్పిందంతా ఆమెకు చేదైపోతుంది."

పేచ్చిముత్తు సంచిలోంచి ఒక కాగితం తీసి, అడుగున ఉన్న వేలిముద్ర చూపించాడు.

"కోడలికి చెప్పొద్దని మరీ, మార్చిలో ఆఫీసుకు వచ్చి ఈ లైను కోయించింది మీ అత్తగారేనమ్మా."