ఎండలో వచ్చిన ఏరు

"కొంచెం కరెంటు ఇప్పిస్తారా అమ్మా? సినిమా వేస్తాను."

లక్ష్మీకామేశ్వరి కిరాణా కొట్లోంచి తల బయటపెట్టి చూసింది.

మాసిన చొక్కా. భుజాన ప్రొజెక్టరు సంచి. ఏటిగట్టు వీధిలో ఆ మొహాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

షాకు కొడుతుందేమో, ఫ్యూజు పోతుందేమో అని భయపడుతూనే ప్లగ్గు చూపించింది.

అతను ఎదురింటి గోడకు తెల్లగుడ్డ కట్టాడు. వీధి జనం మూగారు.

"హీరో ఎవరు బాబూ?" అంది పూలమ్మే గౌరి.

"మన నాగావళి ఏరే."

"మరి ఫైటింగులు?"

"అవీ దాంతోనే."

అందరూ గొల్లున నవ్వారు.

తెర మీద ఎండ కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ ఎండలోనే ఎర్రనీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కి గుమ్మాల్లోకి వస్తున్నాయి.

"వాన లేకండా వరదేటి? ఉత్త బూటకం," అన్నాడు కామేశ్వరి భర్త నారాయణమూర్తి. "మా తాతలనాటి నుంచీ ఈ వీధిలోకి నీళ్ళు రాలేదు."

"తాతలనాటి వానలు ఇప్పుడు లేవు బాబూ. నెలంతా పడాల్సింది ఒక్క పూటలో కుమ్మరిస్తన్నాది. అక్కడ ఒడిశా కొండల మీద పడితే, ఇక్కడ మనకి ఎండలోనే ఏరొస్తాది."

కామేశ్వరి గబుక్కున చెంపలు వేసుకుంది.

దీపాలు పెట్టే వేళ. తథాస్తు దేవతలు తిరిగే వేళ. ఆ వేళప్పుడు కొట్లో పప్పు లేదని కూడా ఆమె అననివ్వదు, నిండుకుందనాలి. అలాంటిది వీధికి వీధే మునిగిపోతున్నట్టు బొమ్మా!

గబగబా వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"సంజెవేళ ఏటా అశుభం?"

"అమ్మా, ఇంకొంచెమే ఉన్నాది..."

"వద్దంటన్నాను."

"పోనీ, నోటితో సెప్పేసి పోతాను."

"నోటితోనా! బొమ్మకన్నా నోటిమాట మరీ సెడ్డది."

మళ్ళీ నవ్వులు.

అతను నవ్వలేదు. అరుగు మీద కూర్చున్న కామేశ్వరి కూతురు ఆమని కేసి చూశాడు.

"ఒక్క మాటమ్మా. పిల్లల్ని మాత్రం..."

"నా పిల్ల ఊసెత్తకు!"

అతను తెర మడిచాడు. పోతూ పోతూ ప్రతి ఇంటి తలుపూ చూసుకుంటూ పోయాడు.

"సూశారా? తలుపులు పరిశీలిస్తన్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవోడేమో," అంది కామేశ్వరి.

"నీకు అందరూ అలాగే కనిపిస్తారు," విసుక్కున్నాడు నారాయణమూర్తి.

ఆమె పిల్లకు ఉప్పుతో దిష్టి తీసింది. ఆదివారం అరసవల్లి వస్తానని సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది.

ఆదివారం నారాయణమూర్తి సరుకులకని రాజాం వెళ్ళాడు.

"నేనూ గుడికి వస్తానమ్మా," అంది ఆమని.

"ఆ జనంలో తప్పిపోతే? వద్దు తల్లీ. ఎవరు పిలిచినా పలక్కు. ఆ సినిమావోడు ఇక్కడిక్కడే తిరుగుతన్నాడేమో."

బయట తాళం వేసి, గట్టిగా లాగి చూసుకుని బయలుదేరింది.

గుడి దగ్గర ఎండ మండిపోతోంది. స్వామి ప్రసన్నంగా ఉన్నాడనుకుంది. చాలా కాలం తర్వాత ఆమె మనసు కాస్త కుదుటపడింది.

ప్రసాదం కొంగున కట్టుకుని ఆటో పిలిచింది.

"ఏటిగట్టు వీధికా? అటు బళ్ళు పోవమ్మా. ఏరు పొంగీసినాది."

"ఇంత ఎండలో ఏరేటి బాబూ?"

అతను వీధి మొదటిదాకా దింపుతానంటూ ఎక్కమన్నట్టు సైగ చేశాడు.

వీధి మొదట్లో పోలీసులు తాడు కట్టారు. జనమంతా మెరక మీదున్న బడి వరండాలో చేరారు. కామేశ్వరి ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ వెళ్ళి గౌరి భుజం పట్టుకుంది.

"ఆమని ఏదే?"

గౌరి మొహం పాలిపోయింది.

"నీతో గుడికి రాలేదా? తాళం సూసి ఇద్దరూ ఎల్లారనుకున్నాం. పిలిచాను కూడా. ఎవరూ పలకలేదు..."

సాయంత్రానికి నీరు తీసింది.

ఆమనిని తెచ్చి బడి వరండాలో పడుకోబెట్టి, నిండా దుప్పటి కప్పారు. పక్కనే ఆ సినిమా మనిషి కూలబడి ఉన్నాడు. ఒళ్ళంతా బురద, అరచేతుల్లో రక్తం, కాళ్ళ దగ్గర గునపం.

కామేశ్వరి అతని చొక్కా పట్టుకుంది.

"నీ నోటి మాటేరా నా తల్లికి తగిలింది! నువ్వొచ్చావు, ఏరొచ్చింది!"

ఎడాపెడా కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

గౌరి ఆమెను వెనక్కి లాగింది.

"ఆయన్ని కొట్టకమ్మా. తాళాలున్న కొంపలు ఖాళీయే అని పడవలోళ్ళు వదిలేశారు. ఈయనొక్కడే పీకల్లోతు నీళ్ళలో తాళాలే బద్దలుకొట్టుకుంటా వచ్చాడు. మీ గుమ్మం వీధి చివరయిపోనాది. తాళమేసిన కొంపల్లో ఎవరుంటారయ్యా అని అడిగాం..."

గౌరి అతని కేసి చూసింది.

"ఏటన్నాడు?"

"‘పోయినేడు మా ఊళ్ళో ఎండలో ఏరొచ్చిన రోజు, పిల్ల భద్రంగా ఉంటాదని బయట తాళమేసి సంతకెళ్ళిన తండ్రిని నేనే’ అన్నాడమ్మా."